గోదాంకి తాళమేసిన ఏడు

"అమ్మమ్మా, బొమ్మలన్నిటి నడుమ గోడకి ఈ తుప్పు తాళం ఎందుకు తగిలించినవ్?"

అవ్, అందరు గదే అడుగుతరు. మొన్నొకాయన ఇది గూడ ఆర్టేనా అన్నడు. నీ మొకం, తాళం అన్న. కూసో చెప్త. నువ్వు గూడ కొత్తగూడెంల గిసొంటి బొమ్మల జాగనే పెడతనంటున్నవ్ గదా, విను.

ఇది ఒకప్పుడు తునికాకు గోదాం. ఈ పినపాక దిక్కు బళ్ళల్ల ముప్పయ్యేండ్లు డ్రాయింగ్ టీచర్ చేసి రిటైరైన ఏడు, కాదు కాదు, ఆ మరుసటేడు, కిరాయికి తీస్కున్న. నెలకి మూడొందలు అప్పట్ల. "పెన్షన్ అంత గోడలకి సున్నమేస్తున్నవ్" అన్నడు మీ తాత. నా పెన్షన్, నా సున్నం, నీకేంది అన్న.

హైదరాబాద్ నుంచి బొమ్మలు చేసే పిల్లలొచ్చి నెల రోజులు ఈడనే ఉండి పని చేసేటోళ్ళు. పటాలు గాదు, కొత్త రకం. వెదురు, మట్టి, బొగ్గు, ఏది దొరికితే దాంతోని. పట్నమోళ్ళు కార్లల్ల వచ్చి చూసి మెచ్చుకునేటోళ్ళు. కానీ గీ పక్క గూడెపోళ్ళు మూడేండ్లు గుమ్మం దాటలే బిడ్డా. బయట నిలబడి తొంగిచూసుడు, పోవుడు. నాకదే కడుపుమంట. వాళ్ళ పిల్లల చెయ్యి పట్టి గీతలు దిద్దించినదాన్ని నేను. వాళ్ళు రాని గోదాం నాకెందుకు?

ఈ తాళమేసిన ఏడు ఎండాకాలం మొదట్ల స్వప్న అని ఒక పిల్ల వచ్చింది. ఉఫ్ అంటే ఎగిరిపోయేటట్టుంటది, మాట మాత్రం గట్టిది. కప్పుకి దారాలు కట్టి పచ్చి మామిడికాయలు వేలాడేస్త, జనం వాటి నడుమ నుంచి నడవాలె అన్నది. నాకు మస్తు నచ్చింది. తల్లాడల మా చెల్లె తోట ఉంది గదా, అది కొనేటప్పుడు చవుడు నేల, వద్దే అన్నది నేనే, ఇప్పుడు సూడు ఎట్ల కాస్తదో. ఆడి నుంచి గోనె సంచులల్ల తెప్పించిన.

అన్నీ కట్టినంక, ఆదివారం ఓపెనింగ్ అని కార్డులు పంచినం. గూడెం పెద్ద సోమయ్యని నేనే పిలుసుకొచ్చిన. తలుపుకాడ నిలబడి లోపలికి సూసిండు. మొకం చిన్నబోయింది.

"టీచరమ్మా, మామిడికాయ పండుగ ఇంక కాలే. దేవతకి పెట్టకముందు మేం కొత్త కాయ ముట్టం. నీకెరుకే గదా."

ఎరుకే బిడ్డా! తినరని ఎరుకే. ఇది కట్టుడే గదా, తినుడు కాదు గదా అనుకున్న. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఇగ మావోళ్ళెవ్వరు ఇటు రారు" అని పోయిండు. కోపం గూడ చెయ్యలే. తిట్టినా బాగుండు.

స్వప్న ఒకటే ఏడుపు. "పెద్ద పెద్దోళ్ళొస్తున్నరు టీచర్, ఒక్కసారి వాపస్ పోతే మళ్ళ రారు" అన్నది. నిజమే. గూడెపోళ్ళు గూడ అంతే గదా? నేను బజారుకి పోయి ఈ తాళం కొనుక్కొచ్చి ఏసిన. పండుగయ్యేదాక తియ్య అన్న. కాయలు చెడిపోతయ్ అన్నది. చెడిపోనీ అన్న.

ఆదివారం రెండు కార్లొచ్చినయ్. "ఇసొంటి పల్లెటూర్ల ఆర్టేంది" అని ఒకామె నా ముంగటనే అన్నది. నేను తాళంచెవి కొంగున ముడేస్కొని అట్లనే నిలబడ్డ.

పదిహేను రోజులకి పండుగయింది. తెల్లారి తలుపు తీస్తే ఏం వాసన, అబ్బబ్బ! కొన్ని పండి రాలినయ్, శానా కాయలు ముడతలు పడి వేలాడుతున్నయ్. స్వప్న తలకాయ పట్టుకున్నది. నేను సోమయ్య ఇంటికి పోయిన. "పెద్దయ్యా, నాదే తప్పు. ఇప్పుడన్న వస్తవా?" అన్న.

వచ్చిండు. గుమ్మం కాడ చెప్పులిడిసిండు. మూడేండ్లకి గూడెం నుంచి ఆ గుమ్మం కాడ అదే మొదటి జత. ఆయనెనక ఆడోళ్ళు, ముసలోళ్ళు. కాయల నడుమ మెల్లగ నడిసి, ఒకదాన్ని చేత్తోని పట్టుకొని, "ఇవి గూడ మా లెక్కనే ముడతలు పడ్డయ్" అని నవ్విండు. స్వప్న గూడ నవ్వింది, కండ్లు తుడుసుకుంట.

పోయేటప్పుడు, "వచ్చే ఏడు ఏం కడతరో ముందుగాల మాకు చెప్పు" అన్నడు. వచ్చే ఏడు అన్నడు బిడ్డా! నేను లోపలికి పోయి కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్న.

ఆ కార్లోళ్ళు మళ్ళ రాలే. రాకపోతే ఏంది. అప్పటి నుంచి మొదటి కార్డు సోమయ్య ఇంటికే. ఆయన పోయినంక గూడ, ఆయన కోడలికి... ఆఁ, నీ దాంట్ల ఏం పెట్టుకుంటవో నీ ఇష్టం. తాళం కావాలంటే ఇది తీస్కపో, నూనె పోస్తే పనిచేస్తది. నీ గుమ్మం కాడ చెప్పులు కుప్పపడాలె బిడ్డా, ఎవరివేవో తెల్వనంత...