గుమ్మటం కింద మీ యమ్మ

“అవ్వా, పాడుపట్నంలో ఆ మసీదు గుమ్మటం కొలతలు తీసుకోనొస్తి ఈపొద్దు. నువ్వెప్పుడన్నా దాని లోపలికి పోయినావా?”

పోయినావా అంటే ఏం చెప్పేది పాపా. మీ యమ్మ పుట్టింది ఈ ఇంట్లో, దాని నోరు పుట్టింది ఆ గుమ్మటం కింద. ఆ టేపు పక్కన పెట్టి కూర్చో, చెప్తా.

ఆ పట్నం ఎవురో నవాబులు కట్టించినారంటారు. నాకేం తెలుసు. మసీదు, తానాలు చేసే ఇల్లు, మెట్లబావి, ఏనుగు దూరేంత వాకిలి, అన్నీ చూసినావు కదా. సున్నంలో బెల్లము, కరక్కాయ కలిపి గానుగాడించినారంట. గీకి చూడు, నీ గోరే పోతాది. మనుషులకు లేని బెల్లం గోడలు తినినాయి అంటాండె మా మామ. అట్లాంటోళ్లు నీళ్లు చాలక ఊరిడిసి పోయినారంట. ఏనుగులుండేటోళ్లే నిలవలేని నేలలో మనం చెనిక్కాయ ఏసుకోని వానకోసరం మోడం దిక్కు చూస్తాండాం. ఎవురికి బుద్ధి ఎక్కువో నువ్వే చెప్పు. ఏం చెప్తాంటి... ఆ, మీ యమ్మ.

మీ యమ్మకు నాలుగేండ్లు నిండినా మాట రాలే. చెవులు బాగానే ఉండె, వంటింట్లో డబ్బా మూత సప్పుడైతే యాడున్నా ఉరికొస్తాండె. మాటే లేదు. ఊర్లో మూగిది అనిరి. నలుగుర్లో నవ్వుతాంటి గానీ, ఈ పిల్ల నన్ను అమ్మా అనకుండానే పెద్దదైపోతాదేమో అని లోపల ఒకటే భయం పాపా. పక్కింటి పిల్లోడు వాళ్లమ్మను పిలిస్తే నేను పలికేదాన్ని.

మన ఊర్లో ఒక పద్ధతుండె. మాట రాని బిడ్డను ఆ గుమ్మటం కిందికి తీసకపోయి, సాయిబుతో చక్కెర మీద దువా చదివించి, పేరు పెట్టి గట్టిగా పిలవాల. గుమ్మటం మళ్లా పిలుస్తాది, దానికి బిడ్డ పలకాల. సరే, చదివేకి సాయిబు కావాల కదా? పట్నమంతా వాళ్లదే, మనిషి ఒక్కడూ లేడు. కదిరి నుంచి సైకిల్లో గాజులమ్మేకి ఒక సాయిబన్న వస్తాండె, ఆయప్పను మా యత్త పట్టుకొనె.

“అమ్మా, నాకు గాజులెక్కించేది వచ్చు. చదివేదంతా మా నాయన చేస్తాండె.”

“వచ్చినంతే చదువప్పా, దేవుడేమన్నా పరీచ్చ పెడతాడా.”

పాపం, మాతో వచ్చి, గాజుల మలారం మసీదు వాకిట్లో దించి, తలకు రుమాలు కట్టుకోని, కండ్లు మూసుకోని చదివినాడు. కండ్లు తెరిచేలోపల మా యత్త వాళ్లు మొక్కే దిక్కు గోడలో కమాను గూటికి పసుపు పూసి, బొట్టు పెట్టేసింది. ఈడ బొట్టు పెట్టకూడదు పెద్దమ్మా అంటే, బోడిగా ఉంటే ఎట్లప్పా అనె. ఆయన నవ్వి, పోనీలే, పైనోడికి ఇది కూడా అర్థమైతాదిలే అనె.

ఇంక నేను అరిస్తి, “లచ్చుమీ” అని. లచ్చుమీ, లచ్చుమీ అనె గుమ్మటం. మీ యమ్మ తల పైకెత్తి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకోని, “ఎవుడ్రా నువ్వు?” అనె.

అదే పాపా దాని మొదటి మాట. గుమ్మటం ఊరుకుంటాదా, ఎవుడ్రా నువ్వు అనె. “నువ్వెవుడ్రా?” అని ఇది. నువ్వెవుడ్రా అని అది. సాయిబన్న చక్కెర చేత్లోనే పెట్టుకోని నోరు తెరుచుకోని నిలబడిపాయ. మా యత్త, “ఇది నా మనవరాలే, అనుమానం లేదు” అనె. ఇంట్లో ఆయమ్మ నోట ఎప్పుడూ ఉండే మాటలే అవి. నేను నవ్వుతాండానో ఏడుస్తాండానో నాకే తెలీదు.

ఈ గొడవకు పైన గబ్బిలాలు లేసి గిర్రున తిరిగె. అంతసేపు కొట్లాడింది కాస్తా బెదిరిపోయి, “అమ్మా” అని ఉరికొచ్చి నా కాళ్లు కరుచుకొనె. అది అనింది ఒక్కసారే పాపా. గుమ్మటం నిలపలే. అమ్మా, అమ్మా, అమ్మా అని... నేను ఆడనే కూలబడి, ఒక్కటి కూడా ఇడిసిపెట్టకుండా పలుకుతానే ఉంటి, ఓ అని, ఓ అని...