దూలం పట్టుకున్న దొరలు

సింగారమ్మ ఉండేదంట, మొగుడు పోయిన మనిషి. నిండు చూలాలైన కోడలొకటి ఆమెకి తోడు. ఇల్లేమో సరిగ్గా పొలిమేర మీద పడింది. పొయ్యి తిమ్మప్ప దొర సీమలో, మంచం ఓబుళ దొర సీమలో అనుకో. ఒకరోజు ఏమైందంటే, తిమ్మప్ప దొర ఇవతల నిలబడి మీసం దువ్వుకుంటా ఉంటే, అవతల ఓబుళ దొర ఆవలించినాడంట. నా మీసం జూసి ఆవలిస్తాడా అని ఈయన, నా నోరు నా ఇష్టమని ఆయన, ఇద్దరూ దండు దించినారు. యుద్ధమంటే ఏదో అనుకునేరు, ఒక ఏనుగు బెదిరి సింగారమ్మ ఇల్లు తొక్కేసింది, అంతే యుద్ధం. గోడలు పోయినాయి, కప్పు పోయింది, దండులో ఎవరికీ గీత కూడా పడలేదంట. ఏనుగు మాది కాదంటే మాది కాదన్నారు ఇద్దరూ.

సింగారమ్మ కోడలిని చాప మీద పడుకోబెట్టి దొరల దగ్గరికి పోయింది. అయ్యా, కోడలికి నొప్పులు మొదలైనాయి, ఆకాశం చూస్తే నల్లగా ఉంది, ఇల్లెవరు కడతారు అని అడిగింది. అన్యాయంగా యుద్ధం చేసినోడే కట్టాల అన్నాడు తిమ్మప్ప దొర. ఓబుళ దొర కూడా సరేనన్నాడు. ఇంకేం, అయిపోయిందనుకుంటారు మీరు. అన్యాయం ఎవరిదో తేలొద్దా? మీసం ముందా ఆవలింత ముందా అని కూర్చున్నారు. తేల్లేదు. అట్టయితే ఇంకో యుద్ధం చేద్దాం, ఓడినోడు కడతాడని మళ్ళీ లేచినారంట.

సింగారమ్మ ఇద్దరినీ కూలిన ఇంటి దగ్గరికి పిలుచుకొచ్చి, కింద పడున్న దూలం చూపించింది. "చేసుకోండి నాయనా. అంతలోపల ఈ దూలం చెరొక కొనా పట్టుకోండి, కోడలికి అడ్డంగా దుప్పటి వేసుకుంటాను" అనింది. పట్టుకున్నారు. పట్టుకున్నాక ఎవరూ వదలరే! ముందు వదిలినోడిదే అన్యాయమైపోతుందని భయం. అట్టనే నిలబడి వాదించుకుంటా ఉంటే వాన దిగింది. మా దొర తడుస్తున్నాడని ఈ భటులు ఒక పక్క గడ్డి కప్పినారు, మా దొర తడవడా అని ఆ భటులు ఇంకో పక్క కప్పినారు. ఈదురుగాలి కొడితే, బురదకేం కరువు, తొక్కి తొక్కి దొరల చుట్టూ గోడలు పెట్టినారు, భుజాల దాకా. ఆ గోడల మధ్యనే కోడలు ఆడపిల్లని కనింది. సింగారమ్మే పురుడు పోసిందంట.

వాన వెలిసేసరికి ఇల్లు నిలబడింది. దొరలు గోడలోనే ఉన్నారు. బయటికి లాగాలంటే గోడ పగలగొట్టాల, పగలగొడితే మళ్ళీ కట్టేదెవరని ఇద్దరూ మొదలుపెట్టినారు. సింగారమ్మ చెరొక ముద్ద నోట్లో పెట్టి, "నిదానంగా తేల్చుకోండి, పిల్ల నిద్రపోతా ఉంది" అనింది. భటులు చూసి చూసి, సేద్యం పనులుంటే ఇళ్ళకి పోయినారు.

నేను చూడలేదులే. మా అవ్వ పోయి చూసొచ్చిందంట. ఇల్లు గట్టిదే గానీ కప్పు ఒక పక్కకి ఒరిగి ఉండేదంట. ఓబుళ దొర కొంచెం పొట్టి.