పరమేశ్వర్ గారి మాట

1996 డిసెంబరు 9న నల్గొండ సమీపంలోని ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగంలో చేరిన శ్రీ పరమేశ్వర్ గారు, రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులుగా మన రామన్నపేట ఉన్నత పాఠశాలకు వచ్చి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. నేత కుటుంబంలో పుట్టి, మగ్గాల చప్పుడు మధ్య పెరిగినందువల్లనేమో, గొంతెత్తి మాట్లాడటం వారికి చిన్ననాటి అలవాటు. వారు ఏడో తరగతికి పాఠం చెబితే పక్క గదిలోని పదో తరగతికి పునశ్చరణ జరిగేది.

2018లో వారి కుడి కింది దవడలో కణితి బయటపడింది. హైదరాబాదులో వైద్యులు ఆ భాగాన్ని తొలగించారు. సాధారణంగా కాలి ఎముకతో దవడను తిరిగి కడతారట. వారి కాలి రక్తనాళాలు అందుకు అనుకూలంగా లేకపోవడంతో, ఎడమ భుజం వెనుక రెక్క ఎముక అంచును, దానినంటి ఉన్న కండనూ చర్మాన్నీ రక్తనాళాలతో సహా తీసి, దవడగా అమర్చి, ఆ నాళాలను మెడలోని నాళాలకు కలిపారు. ఎముక అతికింది. మాట మాత్రం ముద్దగా వచ్చేది.

బడికి తిరిగి వచ్చాక వారు పాఠమంతా బోర్డు మీద రాసేవారు. ఒకనాడు స్టాఫ్ రూములో మెల్లగా అన్నారు: "పిల్లలకు సమజ్ కాని మాట చెప్పి జీతం తీసుకునుడు నాతోని కాదు. ఈ యేడాదితోని బంజేస్త." స్వచ్ఛంద పదవీ విరమణకు వారు సిద్ధపడ్డారని మాకు అర్థమైంది.

మాట అవసరం లేని పని అని కాబోలు, పిల్లల కంటే ముందు మధ్యాహ్న భోజనం రుచి చూసే బాధ్యతను వారే అడిగి తీసుకున్నారు. వంట చేసే బిక్షమ్మ, సారు నమలలేరని, ఎవరికీ చెప్పకుండా బడి మొత్తానికీ అన్నం మెత్తగా వండసాగింది. "ఇది బువ్వనా, గటకనా?" అని జావలాంటి ఆ అన్నాన్ని చూసి పిల్లలు గొణిగారు. కారణం తెలిసిన రోజు పరమేశ్వర్ గారు పళ్లాలు పట్టుకున్న వరుసల ముందే నిలబడి గొంతెత్తారు.

"బిక్షమ్మా! నా ఒక్కని దవడ కోసం బడంతటికీ గటక పెడ్తవా? నాకు పండ్లు లేవు గని, వాళ్లకున్నయ్ గద!"

బిక్షమ్మ గరిటె దించలేదు. "గింత మాట్లాడొచ్చెటోళ్లు, గిన్నొద్దులు బోర్డు నిండ రాసి పోరగాళ్ల చేతులెందుకు నొయ్యబెట్టిన్రు సార్?"

వరుసలన్నీ ఘొల్లుమన్నాయి. అప్పుడు గాని వారికి తట్టలేదు, తమ మాట చివరి పిల్లవాడికి కూడా అర్థమైందని. ఆ మధ్యాహ్నం వారు సుద్దముక్క పట్టకుండా పదో తరగతికి వెళ్లారు. మల్లిక అనే విద్యార్థిని లేచి, "సార్, మీరు నమిలితే భుజం కదుల్తదా?" అని అడిగిందట. "నువ్వు పటంల నల్గొండను సముద్రంల పెడ్తే కదుల్తది బిడ్డా" అన్నారట. విరమణ ఊసు మళ్లీ వినబడలేదు. ఎడమ చెయ్యి పూర్తిగా పైకి లేవదు కనుక పటాలను కిందికి వేలాడదీశారు. పొట్టి పిల్లలకు హిమాలయాలు అందివచ్చాయి.

వారి ఆసుపత్రి రోజుల్లో తోడున్నవారు, మన బడిలోనే గణితం బోధించిన మా వారు నాగేందర్ గారు. ఈ అభినందన రాయవలసిందీ వారే. గత ఫాల్గుణంలో వారు కాలం చేశారు. ఇంటికి వచ్చినవారంతా నన్ను నొప్పించకూడదని ఆ పేరు తప్పించి మాట్లాడారు. పరమేశ్వర్ గారు మాత్రం గడపలోనే, "మా నాగేందర్ ఉంటే గీపాటికి చాయ్ వచ్చేది చెల్లెమ్మా" అన్నారు. తర్వాత సాయంత్రం దాకా ఆయన గురించే చెప్పారు. మాటలు కొన్ని ఇప్పటికీ ముద్దగానే వస్తాయి. నాకు ఒక్కటీ అర్థం కాకుండా పోలేదు.

శ్రీమతి ఉప్పలమ్మ గారితో, పిల్లాపాపలతో పరమేశ్వర్ గారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు ఉండాలని, కడుపునిండా తింటూ, నోరారా మాట్లాడుతూ, మా గడపలోకి వచ్చినప్పుడల్లా ఆ పేరును గట్టిగా పలుకుతూ ఉండాలని కోరుకుంటున్నాను.

వసంతలక్ష్మి
తెలుగు ఉపాధ్యాయురాలు