లోపలి కొలత

“ఆయమ్మకి ఒంట్లో బాలేదన్నావు కదమ్మా? మరి బస్టాపులో నిలబడి ఉందేంటి?”

“ఎవరు?”

“ఎవరేంటి? అమ్మమ్మని చూసుకునే ఆయమ్మ. పలకరించబోతే మొహం తిప్పుకుంది.”

“చూసుండదులే. ముందు కాళ్లు కడుక్కునిరా.”

కూతురు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది, భుజాన బ్యాగు ఇంకా దించలేదు. మంచం మీద అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్షవాతంతో చచ్చుబడిన ఆవిడ కాలికి తల్లి నూనె రాస్తోంది. అలవాటు లేని పని, చేతులు తడబడుతున్నాయి.

“చూసింది. బాగానే చూసింది. నీళ్లు నమలకు అమ్మా. తనే మానేసిందా, నువ్వు మాన్పించావా?”

“మెల్లిగా. అమ్మమ్మ వింటుంది.”

“మాన్పించావన్నమాట.”

“నేను పొమ్మనలేదు. ఒక్క మాట అడిగాను, అంతే. రోషం ఎక్కువ. మర్నాటి నుంచి రాలేదు.”

“ఏం మాట?”

“నూనె సంగతి.”

“ఏ నూనె?”

“ఇదిగో, ఇదే. ఇదివరకు ఒక్క సీసా కొంటే నెలంతా వచ్చేది. ఈమధ్య నెలాఖరు రాకుండానే అడుగంటుతోంది. అదే సీసా, అదే కాలు, అదే చెయ్యి. ఉన్నట్టుండి కాలు నూనె తాగడం మొదలెట్టిందా? నువ్వైతే ఏమనుకుంటావు?”

“ఆవిడతో ఏమన్నావు?”

“ఏదో అన్నాను.”

“ఏమన్నావమ్మా?”

“మీ ఇంట్లో కూడా ఎవరికైనా కాళ్ల నొప్పులా అన్నాను. నవ్వుతూనే అన్నాను.”

“నవ్వుతూ అనడం ఇంకా ఘోరం.”

“ఆవిడ నవ్వలేదు. సంచి తెచ్చి నా ముందు బోర్లించింది. చూపించమని నేను అడగలేదు, ఒట్టు. ఒక దువ్వెన, ఖాళీ టిఫిన్ డబ్బా, పొద్దున నేనిచ్చిన రెండు బిస్కెట్లు. తినకుండా మనవరాలికని దాచుకున్నట్టుంది. అన్నీ ఏరుకుని మళ్లీ సంచిలో వేసుకుంది. అమ్మమ్మ కాళ్ల మీద దుప్పటి సర్ది మరీ వెళ్లింది. ఈవిడ అంతా చూసింది. అప్పట్నుంచి నేను చెయ్యి వేస్తే చాలు, గోడవైపు తిరుగుతుంది.”

“అమ్మా...”

“ఏంటలా చూస్తావు? తప్పు నాదే అంటావు, అంతేగా? అను.”

“అది అదే సీసా కాదమ్మా.”

“అంటే?”

“అదే సీసాలా కనిపిస్తుంది, అంతే. అడుగు తడిమి చూడు, వేలు ఎంత లోపలికి పోతుందో. పాతదానికి అంత గొయ్యి లేదు. గోడలు కూడా మందం చేశాం.”

“చేశాం?”

“చేశాను.”

“నువ్వు.”

“మా ఆఫీసులోనే. కంప్యూటర్లో సీసా గీస్తాను కదా. ఉత్త సీసాని కొలిస్తే ప్లాస్టిక్ ఎంతో చెప్తుంది గానీ నూనె ఎంత పడుతుందో చెప్పదు. అందుకని మూతి మూసేసి, లోపలి ఖాళీని గట్టి ముద్దలా నింపి, ఆ ముద్దని కొలుస్తాం. మేనేజరు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. బయట ఒక్క గీత మారకూడదన్నాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టినా కొనేవాళ్లకి తేడా తెలియకూడదన్నాడు. నేను సీసా అడుగుని పైకి జరిపేదాన్ని, ముద్దని కొలిచేదాన్ని, అంకె తగ్గేది. ‘ఇంకొంచెం’ అనేవాడు. మళ్లీ జరిపేదాన్ని.”

“నీకేమీ అనిపించలేదా?”

“వెనక చిన్న అక్షరాల్లో కొత్త అంకె వేస్తాం, చదివేవాళ్లు చదువుకుంటారు, ఇందులో తప్పేముంది అన్నారు.”

“వాళ్లు అన్నది కాదు. నీకు.”

“నాకా? చెప్పడానికే సిగ్గేస్తోంది. భలే కుదిరిందని మురిసిపోయానమ్మా. ఎవరూ కనిపెట్టలేరని. మీటింగులో లేచి నిలబడమంటే నిలబడ్డాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తగ్గిన నూనె కోసం ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరి సంచి వెతుకుతారని తట్టలేదు. మన ఇంట్లోనే... అబ్బ, తల ఎక్కడ పెట్టుకోను?”

“ఊ.”

“ఊ అంటావేంటి? తిట్టు.”

“తిట్టడానికి నాకు నోరేది?”

“నీకేం? నీకు తెలియక అన్నావు. తెలిస్తే అనేదానివా? లే, ఇప్పుడే వెళ్దాం. ఆవిడ ఇల్లు నీకు తెలుసుగా. నువ్వేం మాట్లాడొద్దు, పక్కన నిలబడు చాలు. కాజేసింది నువ్వు కాదు ఆయమ్మా, నేను అని నేనే చెప్తాను.”

“కూర్చో.”

“ఇంకా కూర్చోవడమేంటి? ఆవిడ బస్టాపులో మొహం తిప్పుకుంటే నేనేమో పొగరనుకున్నాను. పద.”

“కూర్చోవే. నాకు తెలుసు.”

“ఇల్లా?”

“సీసా సంగతి. ఆవిడ వెళ్లిన సాయంత్రమే తెలిసింది. అలా అన్నానే గానీ మనసు ఒప్పలేదు. వంటింట్లో మూలన పాత సీసా ఒకటి కనబడితే, దాన్నిండా నీళ్లు పట్టి కొత్త ఖాళీ సీసాలో పోశాను. అది నిండిపోయి గట్టంతా నీళ్లు.”

“ఆ సాయంత్రమేనా? మరి ఇన్నాళ్లూ ఆవిడని పిలవలేదేం? పోయి అడగడానికి మొహం చెల్లకనా?”

“కాదు. చెప్పులేసుకుని వాళ్ల సందు మొదటిదాకా వెళ్లాను.”

“వెళ్లి?”

“రుజువుగా చూపిద్దామని రెండు సీసాలూ పట్టుకెళ్లాను. దారిలో కొత్తదాన్ని తిరగేసి చూస్తే అడుగున ఏదో గుర్తు కనిపించింది.”

“ఏం గుర్తు?”

“నీ మెడలో వేలాడుతోందే, ఆ ఆఫీసు కార్డు మీది గుర్తు. సీసాలు గీసేది నువ్వేనని ఆవిడకి తెలుసు, నేనే ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో. ఇప్పుడు నోరు విప్పితే నీ పేరు బయటికొస్తుంది. దొంగ అన్న మాట మనింటికి రాకుండా ఆవిడ దగ్గరే ఉండనీ అనుకుని, వెనక్కి వచ్చేశాను.”