గేటు దిగిందట

పట్నంలోని ఆఫీసులో, కంప్యూటర్ తెర ముందు మెరిన్ కూర్చుని ఉంది. ఫోన్లో హెమీ. ఒకప్పుడు ఆనకట్ట గేట్లు నడిపిన ఆయన, ఇప్పుడు దానికి దిగువన, నది వంపులో పిల్లలకి తెడ్డు వెయ్యడం నేర్పుతూ ఒడ్డున ఉన్నాడు.

"మళ్ళీ అడుగుతున్నా. గేటు ఎత్తారా లేదా?"

"ఎవరమూ ఎత్తలేదు హెమీ అంకుల్. అంటే... ఏజెంట్ ఎత్తింది. పైన వాన పడిందిగా."

"ఏజెంటంటే? నన్ను ఇంటికి పంపించి నా కుర్చీలో పెట్టుకున్నారే, అదా?"

"దానికి కుర్చీ అక్కర్లేదు. కంప్యూటర్లో ఉండే ఏఐ అది. గేటు, సైరన్, అన్నీ అదే చూసుకుంటుంది. ఏది దేనికో, ఎలా వాడాలో నేను రాసిపెట్టాను. అది చదువుకుని చేస్తుంది."

"చదువుకుని నదిని నడుపుతుందా! నా కాళ్ళ దగ్గర రాయి మునిగిపోయిందమ్మాయ్. సైరనేదీ?"

"మోగించింది. గేటు ఎత్తే ముందు మోగించమనే రాశాను."

"ఇక్కడ మోగలేదు."

"మోగిందంకుల్. ఇక్కడ కనపడుతోంది."

"కనపడ్డమేంటి, సైరన్ వినపడాలి! నాకు మందగించింది చూపు, చెవులు కాదు. సర్లే, అది తర్వాత. పిల్లలు నది మధ్యలో గులకరాళ్ళ తిన్నె మీదున్నారు. నా మనవరాలు కహు కూడా. పడవ పైకి లాగి కీమా కూరిన రొట్టెలు తింటున్నారు."

"తిన్నె మీదా? ఒడ్డున కాదా?"

"ఒడ్డునైతే నీకెందుకు ఫోన్ చేస్తాను? విను. గేటు దించితే వాళ్ళనక్కడే ఉంచుతాను, నీళ్ళు తీసేదాకా. దించలేనంటే ఇప్పుడే దాటించాలి. ఇంకాసేపైతే ఈ ఉరవడిలో పడవ నిలవదు."

"దించమంటున్నా... దించమన్నాను... ఒక్క క్షణం..."

"మెరిన్."

"దిగింది! దిగిందంకుల్. మూసేశాను, పూర్తయింది అంటోంది."

"నిజంగానా?"

"నిజంగా. పచ్చరంగులో చూపిస్తోంది."

"హమ్మయ్య. కహూ! అక్కడే ఉండండి! ఎవరూ పడవ ముట్టుకోవద్దు! ...చెయ్యి ఊపుతోంది చూడు, పిచ్చి మొహం. వాళ్ళమ్మకి మాత్రం చెప్పకు తల్లీ, నన్ను కాల్చుకు తింటుంది."

"చెప్పను."

"ఏంటా గొంతు? గేటు దిగిందిగా?"

"దిగింది. అది కాదు... సైరన్ మీకు అస్సలు వినపళ్ళేదా? గాలి అటు వీస్తోందేమో."

"గాలేంటి, సైరన్ స్తంభం కిందే నించున్నాను. ఉండు... ఓరి దేవుడా. తీగ తెగి వేలాడుతోంది."

"తెగిందా?"

"మొన్నటి గాలివానకే అయుంటుంది. తెగిపోయిన సైరన్ మోగిందని ఎలా చెప్పింది నీ ఏజెంటు? అబద్ధాలు కూడా రాసి నేర్పావా?"

"అబద్ధం కాదు. మొదట్లో పరీక్షించి చూసినప్పుడు, మోగానని సైరన్ నుంచి దానికి జవాబు ఆలస్యంగా వచ్చేది. రాలేదు కదాని మళ్ళీ మోగించేది, మళ్ళీ మోగించేది. ఊరంతా తిట్టిపోసింది. ఇక్కడ పై అధికారులేమో ఇంకా అవలేదా, ఇంకా అవలేదా అని ఒకటే గోల. అందుకని..."

"అందుకని?"

"జవాబు రాకపోతే పని అయిపోయినట్టే అనుకో, అని రాశాను."

"అయిపోయినట్టే అనుకోమన్నావు."

"తర్వాత మారుద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను."

"నీళ్ళు తగ్గట్లేదు."

"కాసేపు పడుతుందేమో. ముందు వదిలినవి రావాలిగా."

"నాకు చెప్తున్నావా, నది సంగతి? తగ్గే నీళ్ళ చప్పుడు ఇలా ఉండదు. మెరిన్, ఆ మాట సైరన్ దగ్గర రాశావు. గేటు దగ్గర కాదు కదా?"

"అంకుల్, పిల్లల్ని..."

"అడిగినదానికి చెప్పు. గేటు దగ్గర రాయలేదు కదా?"

"గేటు దగ్గర రాయలేదు. సైరన్ దగ్గరా రాయలేదు. గేటుతో సహా అన్నిటికీ కలిపి మొదట్లోనే ఒక్కసారి రాశాను."