మధ్యలో ఖాళీ

పుస్తకాల షాపులో, కంప్యూటర్ పుస్తకాల అర ముందు వదినా మరిదీ నిలబడ్డారు. మరిదికి మంచి పుస్తకం కొనిపెట్టాలని వదిన ముచ్చట పడుతోంది. అతగాడి మొహంలో మాత్రం కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

“ఇది తీసుకో. దిట్టంగా ఉంది.”

“వద్దు వదినా. కమాండ్లు కొట్టడం ఓనమాల నుంచీ నేర్పుతుందది. అవన్నీ నాకొచ్చు.”

“రాకపోవడమేం! నిన్న నా కంప్యూటర్లో చెత్తంతా ఆ నల్ల తెర మీద ఒక్క ముక్క కొట్టి ఊడ్చేశావని మీ అన్నయ్యకి తెగ చెప్పా. అందుకేగా ఈ బహుమతి. పోనీ, ఈ పై తరగతిది?”

“ఆగు, విషయసూచిక చూడనీ... ఉహుఁ. లేదు.”

“ఏం లేదు?”

“ఏం లేదు.”

“ఏం లేదంటే ఏం లేదయ్యా?”

“చెరిపేసినవి తిరిగి తెచ్చే అధ్యాయం.”

“దాంతో నీకేం పని?”

“ఊరికే.”

“తొందరగా తేల్చు. సాయంత్రం పబ్లిషర్ వస్తాడు. ఇన్నేళ్ళ అనువాదం, ఆయన చేతిలో పెట్టేసి హాయిగా పడుకుంటా.”

“సాయంత్రమా? వచ్చే వారమన్నావుగా!”

“ముందుకి జరిపాడు. ఏంటి, అలా చెమటలు పడుతున్నాయి?”

“ఉక్కగా ఉంది. వదినా... దాని కాపీ ఇంకెక్కడైనా పెట్టావా?”

“ఎక్కడ పెడతాను? పాత ప్రతులుండేవి, ‘అనువాదం పాత’ అనే ఫోల్డర్లో. అవేగా నిన్ను తీసెయ్యమన్నది.”

“అదే... ఆ పేరు మధ్యలో ఖాళీ వదిలావు.”

“రెండు మాటలు కదా, వదలనా?”

“మనం చదివితే ఒకటే పేరు. నల్ల తెర చదివితే రెండు. కొటేషన్లలో పెట్టి కొట్టాలి. నేను పెట్టలేదు.”

“పెట్టకపోతే?”

“‘పాత’ దొరకలేదంది. ‘అనువాదం’ దొరికింది, నీ అసలు ఫోల్డరు.”

“దొరికితే?”

“తీసేసింది. నేనది చూసుకోలా. పాత ఫోల్డరు ఇంకా ఉందేంటని కొటేషన్లు పెట్టి మళ్ళీ కొట్టా. అదీ పోయింది.”

“చెత్తబుట్టలో ఉంటాయి కదా? ఉంటాయి కదా!”

“నల్ల తెరకి చెత్తబుట్ట ఉండదు వదినా.”

“నిన్నే చెప్పొచ్చుగా! నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు. పుస్తకం కొనిపెడతానంటే బుద్ధిగా తలూపి వచ్చావు!”

“ఎలాగైనా తిరిగి తెచ్చి చెబుదామనుకున్నా. తిట్టు, కొట్టు, ఇంటికెళ్ళాక. ముందు ఇది చూడు, ఈ సన్నటి పుస్తకం. ఇందులో ఉంది! తీసేసినా రాసిందంతా డిస్కు మీదే ఉంటుందట. దాని మీద కొత్తది ఏదీ పడకపోతే మళ్ళీ తియ్యొచ్చట. నిన్నట్నుంచీ నువ్వు దాన్ని ముట్టుకోలేదుగా?”

“లేదు. ఒట్టు, లేదు.”

“అయితే బతికాం! అన్నయ్యకి ఫోన్ చెయ్యి. దాని జోలికి ఎవర్నీ వెళ్ళొద్దను.”

“చేస్తున్నా... ఏమండీ, నా కంప్యూటర్ ముట్టుకోకండి... ఏంటీ?... తమ్ముడు శుభ్రం చేశాడు కదా అని, మీరు కెమెరాతో తీసిన వీడియోలన్నీ పొద్దుట్నుంచీ అందులోకే ఎక్కిస్తున్నారా?”