మంచులో హైలెస్సా

మీ తాత కూర్మయ్య గురించా? అలా కూకో అరుంధతీ, సెప్తాను. సాల్ట్ లేకు ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూకునే పిల్లవి, మా పని నీకేటి తెలుస్తాది! ఈ కలకత్తా గార్డెన్ రీచ్ డాకులో ఆడూ, ఈ గురువులుగాడూ, ఇద్దరం కలాసీలం, తాళ్లు లాగీవోళ్లం. తాడు లాగీది నోరమ్మా, సేతులు దానెనకాల వస్తాయి. ఆడు ‘హైలెస్సా’ అని ఎత్తుకున్నాడంటే పదిమందీ ఒక్క ఊపిరి. ఆడు రాలేదా, పదిమందీ పది దిక్కులు. ఏటి సెప్తన్నాను? ఆఁ, మజుందార్ బాబు. మా గేంగుకి పెద్ద. ఆడికి షికారు పిచ్చి. ఏటేటా సలికాలం సిక్కిం వైపు మంచుకొండలెక్కి దొంగసాటుగా దుప్పిని కొట్టాల. ఎనబై మూడో, నాలుగో, ఆ ఏడు డేరా మొయ్యడానికీ వండడానికీ మా ఇద్దర్నీ తీసికెల్నాడు. ‘పర్మినెంటుకి ఒకటే ఖాళీ ఉంది కూర్మో, నీ పేరే రాస్తాను’ అన్నాడు. ఆ మాటకే మీ నాయనమ్మ అప్పమ్మ వీదంతా బెల్లం పంచీసింది.

ఓలమ్మో, ఆ సలి! రెండు గంటలు ఉడికించినా అన్నం పలుకే. మీ తాత బియ్యాన్ని పట్టుకుని అమ్మనాబూతులు తిడతంటే నవ్వలేక సచ్చినాను. గొంగళి నా మీద కప్పీసి ఆడు పొయ్యికాడ ముడుసుకుని కూకునీవోడు. అలాటోడు. మూడోనాడు పొద్దున్నే లోయకవతల దుప్పి కనపడింది. కొమ్ములు ఇంతేసి! బాబు మంచులో బోర్లా పడుకుని తుపాకీ గురిపెట్టినాడు. నాను బుద్ధిలేక ఒంటేలికని పక్కకెల్నాను. కాలికింద మంచు ఇరిగి గోతిలోకి జారిపోనాను. మీ తాతా, మోతకని కూడా వచ్చిన లెప్చా కొండజాతోళ్లిద్దరూ తాడిసిరినారు. నడుంకి కట్టుకున్నాను. లాగుతున్నారు గానీ తలోసారి లాగుతున్నారు, నాను ఇంకా కిందకే. గోతిలోంచి పైకి సూస్తే అంచుకాడ బాబు నోటిమీద ఏలెట్టి, ‘చుప్! నాను పేల్చినాక లాగండి’ అన్నాడు. మీ తాత ఆడికేసి సూసినాడు, నాకేసి సూసినాడు. ‘హైలెస్సా!’ కొండంతా మోగిపోయింది. లెప్చావోళ్లకి మన బాస ఏటి తెలుసు, అయినా ముగ్గురూ ఒక్క మడిసైపోనారు. నాను పైకొచ్చీసరికి దుప్పి లేదు. బాబు తుపాకీ తుడుసుకున్నాడు.

కలకత్తా వచ్చినాక లిస్టు ఏసినారు. దుప్పిని బెదరగొట్టినాడని బాబు మీ తాత పేరు కొట్టీసి నా పేరు రాసినాడు. ఎర్రజెండా యూనియనోళ్లు ఊరుకుంటారేటి? మీ తాతని ఎంటబెట్టుకుని మా బస్తీకొచ్చీసినారు. ‘గురువులు దాదా, నీ పేణం కోసమే ఈడు అరిసినాడని ఒక్క మాట సెప్పు. లిస్టు మార్పిస్తాం, లేపోతే డాకు గేటు మూయించీస్తాం’ అన్నారు. మీ తాత గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు, నాను సెప్తానని. లోపల నా పిల్లలు ముగ్గురు. నా పెళ్లాం కొంగు నోట్లో కుక్కుకుని నన్నే సూస్తంది. ‘తెలివి తప్పిపోనాను దాదా, నాకేటీ ఇనపడలేదు’ అనీసినాను. మీ తాత నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు. తరవాత పిల్లల్ని పలకరించి ఎల్లిపోనాడు. సచ్చీదాకా రోజుకూలీయే. ఒక్కనాడూ అడగలేదు నన్ను.

ఇనపడిందే తల్లీ. అంతా ఇనపడింది.